అక్కమ్మ కొంగులో లాకు

పొద్దున అంగడి తెరిచాక మొదటి పని అక్కమ్మది. కొంగు ముడి విప్పి, అందులోంచి అగ్గిపెట్టెంత నల్లటి లాకు తీసి, బల్ల వెనక్కి వంగి కంప్యూటరు వీపున దాని చోటులో గుచ్చేది. రెండు బొటనవేళ్లతో నొక్కితే టక్కుమనేది. ఆ తర్వాతే రెబెకా కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆ లాకు తగిలించకపోతే తెలుగు అక్షరాల ప్రోగ్రాం తెరుచుకోదు. పెండ్లి పత్రికలు, కర్మాంతరం కార్డులు, జాతర నోటీసులు ఏవీ పుట్టవు. సాయంత్రం మళ్లీ అక్కమ్మే దాన్ని ఊడదీసి, కొంగున ముడేసుకుని ఇంటికి పోయేది.

కార్వేటినగరం బస్టాండు పక్కనున్న ఆ అచ్చు అంగడి ఆమె భర్త వరదయ్యది. ప్రోగ్రాం కొన్న కొత్తలో లాకు బల్ల మీదే పడి ఉండేది. ఒకరోజు కోతి ఒకటి కిటికీలోంచి దూరి, దాన్ని ఎత్తుకుపోయి, ఎదురింటి నీళ్లట్యాంకు ఎక్కి కొరికి చూసింది. రుచించక కిందికి పారేసింది. ఆ పంటి గాటు ఇప్పటికీ దాని మీద ఉంది. వరదయ్య దాన్ని దుమ్ములోంచి ఏరి, తుడిచి, భార్య చేతిలో పెట్టాడు.

"ఇది పోతే అంగడి పోయినట్టే అక్కమ్మా. ఇంగ ఇది నీ తావే ఉండనీ. నీ కొంగున ఉంటే నాకు నిద్ర పడతాది" అన్నాడు.

పెండ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకున్న మాట అదొక్కటే. కొంగు ముడి మీద వేలు పెట్టి, గుడ్డలోంచే ఆ గాటును తడుముకున్నప్పుడల్లా ఆ మాట ఆమెకు మళ్లీ వినబడేది.

రెబెకా విషయం వేరు. తన పెండ్లి కాకముందే పనికి చేరింది. అక్షరం ఏ మీట కింద దాక్కుందో ఒక్కొక్కటే వరదయ్య దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు ఆయన వేళ్లు వణుకుతాయి, కన్ను మసక. కొట్టేదంతా రెబెకానే. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతాడు.

"అన్నా, ఈ ఒత్తు కింద గీతకు తగలతా ఉండాది."

"రవ్వంత పైకి లేపు పాపా. ఆ... ఇంగ రవ్వంత. శభాష్!"

ఒక ఒత్తు గురించి వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకోగలరు. ఇంటికి పోయాక అదే మనిషి అక్కమ్మతో ఉప్పు ఎక్కువైందనో, చొక్కాకు గుండీ ఊడిందనో తప్ప మాట్లాడడు. ఒకసారి ఇద్దరూ తెర చూసి పగలబడి నవ్వుతుంటే "ఏంది ఆ నవ్వు?" అని అడిగింది. "నీకు తెలీదులే" అన్నాడు వరదయ్య. రెబెకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం అక్కమ్మ ఎన్నటికీ మరిచిపోలేదు. అందుకే మరునాటి నుంచి ముడి నిదానంగా విప్పడం మొదలుపెట్టింది. వక్క నోట్లో వేసుకుని, కొంగు దులిపి, ఆవలించి, అప్పుడు విప్పేది. రెబెకా అంతవరకు నిలబడే ఉండేది. రోజు మొత్తం మీద అక్కమ్మకు రుచిగా ఉండేది ఆ కాసేపే.

ఒక మధ్యాహ్నం పాత కంప్యూటరు కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. దాని ఆయుష్షు ఎప్పుడో తీరిందని అందరికీ తెలుసు. వరదయ్య తిరుపతి పోయి కొత్తది కొన్నాడు. దాన్ని అమర్చడానికి ధర్మేంద్ర అనే మెకానిక్కు వచ్చాడు. పాతదాని కడుపులోంచి ఫైళ్లన్నీ తీశాడు గానీ, ప్రోగ్రాం దగ్గర ఆగిపోయాడు.

"పాతది దీంట్లో ఎక్కదన్నా. ఇది ఇప్పటి విండోస్. ఆ ప్రోగ్రాం పుట్టినప్పుడు ఇది ఇంకా పుట్టలా" అన్నాడు.

"దాన్ని అమ్మిన కంపెనీ మూతబడి ఎన్నాళ్లో అయింది. కొత్తది ఇయ్యమని ఎవురినడిగేది? ఎట్లైనా ఎక్కించప్పా" అన్నాడు వరదయ్య.

"ఒక ఉపాయం ఉండాది. దాన్ని మోసం జెయ్యాల. నువ్వింకా పాత ఇంట్లోనే ఉండావని నమ్మించాల."

"నమ్మతాదా?" అని అడిగింది అక్కమ్మ. అంగడిలో అందరికంటే ఆత్రంగా అడిగింది ఆమే.

"కొన్ని నమ్మతాయక్కా. కొన్నిటికి తెలివి ఎక్కువ."

ఈ ప్రోగ్రాంకు తెలివి ఎక్కువే. ఎన్నిసార్లు నమ్మించబోయినా తెర మీద ఎర్రటి గుర్తు పడేసి మూసుకుంది. ధర్మేంద్ర టీ తాగి, చెమట తుడుచుకుని, ఇంకో ఉపాయం పట్టుకున్నాడు. కొత్త కంప్యూటరు లోపలే పాత విండోస్‌తో ఇంకో కంప్యూటరు కట్టాడు. కొత్త ఇంట్లో ఒక గది కట్టి, పాత కాలాన్ని ఆ గదిలో కాపురం పెట్టినట్టు. సాయంత్రానికి తెర నడుమ చిన్న చదరంలో, పాత కంప్యూటరు తెరవగానే రోజూ కనిపించే నీలం ఆకాశం, పచ్చటి గడ్డి మిట్ట కనిపించాయి.

"అదే! అదే మన గడ్డి మిట్ట!" అని అక్కమ్మ లేచి నిలబడింది.

ఆ గదిలో ప్రోగ్రాం బుద్ధిగా ఎక్కింది. తెరవబోతే లాకు అడిగింది. అక్కమ్మ అప్పటికే ముడి విప్పి ఉంది. బల్ల వెనక్కి వంగి చేత్తో తడిమింది. కొత్తదాని వీపున అన్నీ సన్నసన్నటి బొక్కలే. లాకును అటు తిప్పి, ఇటు తిప్పి ఆనించి చూసింది.

"ఇంత పెట్టెలో దీనికి రవ్వంత చోటు ల్యాకపోయనా?"

"అట్లాంటి చోటు పెట్టేది ఇప్పుడు మానేసినారక్కా" అన్నాడు ధర్మేంద్ర.

అప్పుడు మాట్లాడింది రెబెకా.

"అన్నా, ఇంగ ఆ యాతనంతా యాల? కొత్త అచ్చరాలు ఉండాయి గదా. వాటికి లాకు లేదు, గీకు లేదు. మా చర్చి పాటల కాయితం నేను ఫోన్లోనే కొట్టినా. సూడన్నా."

ఫోను చాచింది. వరదయ్య కళ్లద్దాలు పైకి తోసి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"శభాష్ పాపా! ఎప్పుడు నేర్చినావు ఇది?"

"ఇంట్లోనే అన్నా, ఊరికే ఉన్నప్పుడు. దీంతో అయితే యాడ కూసోనైనా కొట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఏసుకోని వస్తే సాలు."

"అయితే ఇంగ అంగడికి గూడా వచ్చే పన్లేదు" అంది అక్కమ్మ.

"అవునక్కా, ఎవురూ రాబళ్లేదు."

రెబెకా మామూలుగానే అంది. ఆ 'ఎవురూ' ఎవరో అక్కమ్మకు మాత్రం బాగా తెలిసింది. ముడి మళ్లీ వేసుకుంటుంటే గుడ్డ చేతుల్లో జారింది.

మరునాటి నుంచి కొత్త అక్షరాలతో పని మొదలైంది. అక్కమ్మ ఎప్పటిలాగే వచ్చి తన స్టూలు మీద కూర్చునేది, కొంగున లాకు ఉండేది. ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆమె వచ్చేసరికే రెబెకా మీటలు టకటకలాడుతుండేవి. ఒక్కోరోజు అక్కమ్మ కావాలనే ఆలస్యంగా వచ్చేది, ఎవరైనా "ఇంతసేపేంది?" అంటారేమోనని. వరదయ్య తలెత్తి చూసేవాడు కూడా కాదు.

కుప్పయ్యకు కూడా సంగతి తెలిసిపోయింది. ఆయన పక్క ఊరి ధర్మరాజుల గుడి పెద్ద. ఏటా ఎండాకాలంలో అక్కడ భారతం ఆడిస్తారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివరి రోజు నిప్పుల గుండం. ఆ నోటీసు ఏటేటా ఈ అంగడిలోనే. ఈ సంవత్సరం నోటీసు వేయించడానికి వచ్చి, అక్కమ్మ కొంగు వైపు చూసి నవ్వాడు.

"ఏమమ్మా, బీగంచెవి పదిలంగానే ఉండాది. వాకిలే ల్యాకపాయనా?"

"నీ నోటికి వాకిలి పెట్టించుకో మామా ముందు" అంది అక్కమ్మ. అందరూ నవ్వారు. రెబెకా కూడా నవ్వింది. ఆ నవ్వు అక్కమ్మకు మిరపగింజలా పంటి సందున ఇరుక్కుంది.

నోటీసు పాత ఫైలు కొత్త అక్షరాల్లో తెరిస్తే కోళ్లు కెలికిన పేడకుప్పలా వచ్చింది. అందుకని నిరుటి కాగితం పక్కన పెట్టుకుని రెబెకా అంతా మళ్లీ కొట్టింది. ఏ రోజు ఏ కథ, ఆ రోజు ఖర్చు ఏ ఇంటివాళ్లది, అంతా వరసగా. ఆ ఖర్చు పెట్టుకునే ఇంటివాళ్లను ఉభయదారులంటారు. నోటీసులో ఉభయదారు పేరు పడటం మామూలు సంగతి కాదు. తాతల నాటి నుంచి వచ్చే మర్యాద అది. వరదయ్య ప్రతి పేరూ రెండుసార్లు చదివించుకున్నాడు. తప్పు లేదు. కొత్త అక్షరాలు సన్నగా, గీసినట్టు, ముద్దుగా ఉన్నాయి. "పట్టణంలో ఏయించినట్టు ఉండాది" అన్నాడు కుప్పయ్య. కట్ట తీసుకుపోయి గోడలకు అంటించాడు.

అంటించిన మరునాడు పొద్దున్నే మునెయ్య వచ్చాడు. గోడ మీది నోటీసును చింపి చేతిలో పట్టుకుని, కర్ర నేలకు కొడుతూ వచ్చాడు.

"ఎవుడప్పా మా ఉభయం తీసేసింది? అర్జున తపస్సు మాది! మా జేజినాయన కాలం నుంచి మాది!"

"ఎవురూ తీయలేదు తాతా. ఇదో, ఈడ ఉండాది సూడు. ము నె య్య" అని రెబెకా వేలు పెట్టి చూపించింది.

"అది నా పేరా? నన్నే ఎగతాళి జేస్తావా మే? నా పేరు నాకు తెలీదా? నా పేరుకు ముందర ఇంత కడుపు ఉంటాది. దాని తోక ఇట్ల ఒంకర తిరిగి వచ్చి కిందిదాన్ని మోస్తాది. ఏటేటా గోడ మింద సూస్తానే ఉండా. ఇది ఏదో ఎండబెట్టిన పురుగు మాదిరి ఉండాది!"

మునెయ్యకు చదువు రాదు. తన పేరును మనిషి ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు. ముఖం మారేసరికి, తన చోట ఎవరినో పరాయివాణ్ని కూర్చోబెట్టారనుకున్నాడు.

రెబెకా ఇంకోసారి చదివి వినిపించింది. వరదయ్య ఒట్టు పెట్టాడు. మునెయ్య వినలేదు. చుట్టూ చూసి అక్కమ్మను పట్టుకున్నాడు.

"నువ్వు జెప్పు కూతురా. ఇది నా పేరు మాదిరి ఉండాదా?"

అక్కమ్మ కాగితం అందుకుని, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"లేదు తాతా. నీ పేరు మాదిరి లేదు. నిరుటిదాంట్లో ఎంత నిండుగా ఉన్నింది!"

"యో అక్కా!" అంది రెబెకా.

"ఉన్నమాట జెప్పినా. నాకేం తెలుసమ్మా, నేను సదువుకున్నదాన్నా?"

మధ్యాహ్నానికి ఇంకో నాలుగిళ్లవాళ్లు వచ్చారు. కీచక వధ వాళ్లు, బకాసుర వధ వాళ్లు. వాళ్లకు పేర్లు కనబడకపోలేదు. మునెయ్యకు అన్యాయం జరిగిందని విని, తమకూ ఏదో జరిగి ఉంటుందని వచ్చారు. చివరికి కుప్పయ్యే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి తీర్పు చెప్పాడు.

"వరదయ్యా, మాకు పాత అచ్చరాల్లోనే గావాల. నీ చేత కాదంటే జెప్పు, పుత్తూరు పోతా. యాడో ఒకచోట ఉండకపోవు."

వరదయ్య అక్కడే నిలబడి ధర్మేంద్రకు ఫోను చేశాడు. అక్కమ్మ కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుని, ఆయన ముఖంలో ఏ మాట కదులుతుందో చూస్తూ నిలబడింది. రెబెకా తెర వైపు తిరిగి కూర్చుంది. ఆమె మెడ వెనక చెమట పట్టింది. అది చూసి అక్కమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ధర్మేంద్ర మద్రాసులో పాత సామాన్లు అమ్మేచోట వెతికి ఒక కార్డు తెచ్చాడు. కొత్త కంప్యూటరు పక్క రేకు విప్పి దాన్ని లోపల గుచ్చితే, వీపున లాకుకు సరిపడే చోటు వచ్చింది. లాకు పెట్టమంటే అక్కమ్మ తొందరపడలేదు. వక్క నోట్లో వేసుకుంది. కొంగు దులిపింది. రెబెకా చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు ముడి విప్పి, వంగి, రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్కుమంది.

గడ్డి మిట్ట వచ్చింది. పాత ప్రోగ్రాం తెరుచుకుంది. నిరుటి నోటీసు ఎక్కడ వదిలారో అక్కడే, మునెయ్య పేరు నిండు కడుపుతో కనిపించింది.

"ఆడ ఉండాడు సూడు!" అని వరదయ్య స్టూలు మీద తొడ చరిచాడు.

ఆ సంబరంలోనే ధర్మేంద్ర ఒక మాట అన్నాడు.

"అన్నా, ఒకటి గుర్తు పెట్టుకో. ఇది సెకండ్‌హ్యాండు కార్డు. రవ్వంత లూజు ఉండాది. ఆ లాకును దినామూ పెరికి పెడతా ఉంటే కదిలిపోతాది. ఇంకోటి దొరకదు. అందుకని రెండు పక్కలా స్క్రూలు బిగించేస్తా ఉండా. ఇంగ దాన్ని ఊడదీయబళ్లేదు, ఆడనే ఉండిపోనీ."

"అదీ మంచిదే" అన్నాడు వరదయ్య. భార్య వైపు తిరిగి, మంచి మాట చెబుతున్నట్టు "ఇంగ నీకు ఆ బరువు తప్పింది పో" అన్నాడు.

స్క్రూలు తిరుగుతున్న చప్పుడు అక్కమ్మ వింటూ ఉంది. కోరుకున్నదంతా జరిగింది. పాతది కొత్తదాంట్లో ఆడింది, లాకు లేనిదే ఆడదని తేలింది. కొంగు మాత్రం ఖాళీ.

రెండురోజుల తర్వాత, పాత అక్షరాల్లో మళ్లీ వేసిన నోటీసుల సిరా ఆరింది. వరదయ్య కట్టలు టీవీఎస్ మీద పెట్టుకుని కుప్పయ్య ఊరికి బయలుదేరాడు. రెబెకా చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. పొద్దు ఇంకా వాలలేదు. అక్కమ్మ ముందు తలుపు సగం వేసి, బల్ల వెనకకు పోయి వంగింది. రూపాయి బిళ్ల స్క్రూ గాడిలో పెట్టి తిప్పింది. మొదటిది గట్టిగా ఉంది, తర్వాత కదిలింది. ఊడి అరచేతిలో పడింది. రెండోదాని మీద బిళ్ల పెట్టింది.

"అక్కా."

సగం తలుపులో రెబెకా నిలబడి ఉంది.

"ఏమే? పోయినదానివి మళ్లీ వచ్చినావు?"

"క్యారియరు మరిచినా."

"దుమ్ము తుడస్తా ఉండా" అంది అక్కమ్మ.

"రూపాయి బిళ్లతోనా?"

అక్కమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. రెబెకా క్యారియరు తీసుకోలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"పెరుక్కో అక్కా. నేను అన్నకు జెప్పను."

"జెప్పకుంటే? రేపు పొద్దున పనెట్ల జేస్తావు?"

"నువ్వు వచ్చేదాకా నిలబడతా. నాకేం కొత్తా? ఇన్నేండ్లూ పొద్దునలేసి వచ్చి, గింజలేసేదాకా కాచుకోనే కోడి మాదిరి నీ ముందర నిలబడలేదా? నువ్వు గబాల్న ఇప్పుతావా? వక్క ఏసుకుంటావు. కొంగు దులపతావు. ఆవలిస్తావు. నిద్ర రాకపోయినా ఆవలిస్తావు."

"అదంతా సూసినావా?"

"సూడకేం? నా కడుపు ఎంత మండేదో నీకేం తెలుసు!" రెబెకా గొంతు పైకి లేచింది. "అన్న నాకు అచ్చరాలన్నీ నేర్పించినాడు. అంగడి బీగంచెవి గూడా ఇచ్చినాడు. దాన్ని మాత్రం ఒక్కనాడూ నా చేతికీలేదు. నువ్వు నాయుడుపేటకు మీ చెల్లెలి కాన్పుకు పోయినావే, అప్పుడు నీ కొంగుతోనే పోయింది అది. పెండ్లి పత్రికల వాళ్లు వచ్చి కూసున్నారు. 'బస్సుకు పోయి అక్కను అడిగి తెస్తా అన్నా' అంటే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'వొద్దు. అది ఆమె తావ ఉండేదే. ఆమె వచ్చిందాకా అంగడి మూసేద్దాం' అన్నాడు."

అక్కమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"మూసేద్దాం అన్నాడా?"

"అనడమేంది, మూసేసినాడు గూడా! ఆ పత్రికలు పుత్తూరుకు పోయినాయి. ఆ పొద్దు నేను ఇంటికి పోయి ఏడిసినా. ఇంత జేసినా నా మీద నమ్మకం లేదే అని."

"నాకెవురూ జెప్పలేదే."

"నేను జెప్తానా నీకు? నాకేం పిచ్చా?"

బయట ఏదో బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. అక్కమ్మ స్టూలు లాక్కుని రెబెకాకు దగ్గరగా కూర్చుంది.

"ఇంకోసారి జెప్పు. ఏమన్నాడు?"

"ఇంగొకసారి జెప్పను" అని రెబెకా క్యారియరు అందుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. "కొత్త అచ్చరాలే బాగుండె. నీ కొంగుతో నాకు పని ఉండేది గాదు."

ఆమె వెళ్లాక అక్కమ్మ బల్ల వెనకకు పోయింది. ఊడిన స్క్రూను దాని చోట పెట్టి, రూపాయి బిళ్లతో బిగించింది. బిగుతుగా ఉందో లేదో వేలితో నొక్కి చూసింది. కోతి పంటి గాటు వేలికి తగిలింది. దాన్ని ఒకసారి నిమిరి, తలుపు వేసుకుని ఇంటికి పోయింది. వరదయ్య తిరిగొచ్చి, మునెయ్య తన పేరు చూసుకుని కాగితానికి దండం పెట్టాడని చెబుతుంటే, ఉప్పు ఎక్కువైందని ఆయన అనకముందే మజ్జిగ పోసింది. నాయుడుపేట మాట మాత్రం ఎత్తలేదు. అడిగితే ఆయన మరిచిపోయానంటాడేమోనని.

పొద్దున బయలుదేరబోతూ ఆగింది. పొయ్యి గట్టు మీదున్న ఖాళీ అగ్గిపెట్టె తీసుకుంది. గలగలలాడకుండా వక్కపలుకులు నిండుగా కూరి, కొంగున పెట్టి గట్టిగా ముడేసింది.

అంగడిలో రెబెకా ముందే వచ్చి ఉంది. గడ్డి మిట్ట తెర మీద వెలుగుతోంది, ప్రోగ్రాం తెరిచే ఉంది. చేతులు మీటల మీద పెట్టి, తలెత్తి అక్కమ్మను చూసింది. చూపు నేరుగా కొంగు మీదికి పోయింది. లేచి బల్ల వెనకకు తొంగి చూసింది. లాకు దాని చోటులోనే ఉంది, రెండు స్క్రూలూ ఉన్నాయి.

"ఏముండాదక్కా ఆ ముడిలో?"

"ఏదో ఉండాదిలే. నువ్వు పని సూసుకో."

"అన్న ఇచ్చినాడా?"

అక్కమ్మ వినబడనట్టు స్టూలు మీద కూర్చుంది. తీరిగ్గా ఒకసారి ఆవలించింది. రెబెకా తెర వైపు తిరిగి కొట్టడం మొదలుపెట్టింది, ఆగింది, కొట్టింది చెరిపేసింది, మళ్లీ పక్కచూపు చూసింది. అక్కమ్మ కొంగు ముందుకు లాక్కుని, ముడి బాగా కనబడేటట్టు ఒళ్లో పెట్టుకుంది.